1050 టీఐ గ్రాఫిక్స్ కార్డుకి డ్రైవర్ వేస్తే స్క్రీన్ నల్లగా అయిపోతోంది, చేతిలో 11 ఆల్బమ్‌లు ఉన్నాయి

ఆల్బమ్ బాబాయ్ | ఆదివారం, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. ఇంట్లోనే పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంటాను. సిస్టమ్ పాతది: ఐ5-4570, హెచ్81 బోర్డు, 8 జీబీ ర్యామ్, విండోస్ 10. మానిటర్ ఇంకా పాతది, వెనక వీజీఏ ఒక్కటే ఉంది. ఇన్నాళ్లూ బోర్డు మీదున్న గ్రాఫిక్స్‌తోనే నెట్టుకొచ్చాను.

ఈ మధ్య కస్టమర్లు వీడియో హైలైట్స్ కూడా అడుగుతున్నారు. కార్డు పెడితే పని తొందరగా అవుతుందని ఎవరో చెబితే, తెలిసినాయన ద్వారా సెకండ్ హ్యాండ్‌లో 1050 టీఐ 4 జీబీ కార్డు 4,500కి తీసుకున్నాను. పెట్టగానే వచ్చింది. డిస్‌ప్లే బాగానే ఉంది. కానీ ఫోటోషాప్‌లో గ్రాఫిక్స్ ప్రాసెసర్ ఆప్షన్ టిక్ పెట్టనివ్వడం లేదు. పెద్ద పీఎస్‌డీలు రెండు మూడు తెరిస్తే స్క్రీన్ ఒక్కసారి నల్లబడి మళ్లీ వస్తుంది, ఒక్కోసారి రాదు.

డ్రైవర్ పాతదేమో అని ఎన్‌విడియా సైట్ నుంచి కొత్తది దించి వేశాను. సగం దాటాక స్క్రీన్ మిణుకుమని ఆరిపోయింది. అరగంట చూశాను, రాలేదు. పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపి మళ్లీ ఆన్ చేస్తే విండోస్ లోగో వరకు వచ్చి మళ్లీ చీకటి. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి డ్రైవర్ తీసేస్తేనే బయటపడ్డాను. ఇలా నాలుగుసార్లు జరిగింది. డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం, కోడ్ 43 అని ఎర్రర్ ఉంది. ముహూర్తాలు మొదలైపోయాయి. తలప్రాణం తోకకొస్తోంది.


ఫార్మాట్ వీరుడు | ఆదివారం, రాత్రి 11:05

ఫార్మాట్ కొట్టెయ్ బ్రో. 20 నిమిషాల్లో పని అయిపోతుంది.


ఆల్బమ్ బాబాయ్ | ఆదివారం, రాత్రి 11:11

విండోస్ ఎక్కించడం 20 నిమిషాలే తమ్ముడూ. తర్వాత అను ఫాంట్స్, ఫోటోషాప్ యాక్షన్లు, బ్రష్‌లు, ప్రింటర్ కలర్ ప్రొఫైల్, ఇవన్నీ మళ్లీ పెట్టుకోవడానికి రెండు రోజులు పడుతుంది. అది ఆఖరి అస్త్రంగా ఉంచుదాం.


ఖమ్మం గేమర్ | ఆదివారం, రాత్రి 11:30

అన్నా, ఫార్మాట్ అక్కర్లేదు. ఒక డ్రైవర్ మీద ఇంకో డ్రైవర్ వేస్తే పాత ఫైళ్లు మిగిలిపోయి ఇలాగే తన్నుకుంటాయి. డీడీయూ అని ఒక ఉచిత టూల్ ఉంది, డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్. వేర్లతో సహా పీకేస్తుంది. వరస తప్పకుండా చెయ్యి.

ముందు డీడీయూ, కొత్త డ్రైవర్ రెండూ డౌన్‌లోడ్ చేసి పక్కన పెట్టుకో. తర్వాత నెట్ తీసెయ్. ల్యాన్ వైరైతే పీకెయ్, వైఫై అయితే డాంగిల్ తీసెయ్. ఇది చాలామంది మర్చిపోతారు. నెట్ ఉంటే నువ్వు తీసిన మరు నిమిషమే విండోస్ తనకు తోచిన డ్రైవర్ తెచ్చి పెట్టేస్తుంది, నీ శ్రమంతా గంగపాలు. ఆ తర్వాత షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ కొట్టు. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్. వచ్చిన లిస్టులో 4 నొక్కితే సేఫ్ మోడ్. అక్కడ డీడీయూ తెరిచి క్లీన్ అండ్ రీస్టార్ట్. మామూలుగా ఆన్ అయ్యాక, నెట్ పెట్టకుండానే, కొత్త డ్రైవర్ వెయ్యి.


ఆల్బమ్ బాబాయ్ | సోమవారం, ఉదయం 9:20

రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నాను. సేఫ్ మోడ్‌లో నా పిన్ తీసుకోలేదు, పాస్‌వర్డ్ అడిగింది. అది గుర్తు తెచ్చుకోవడానికే పావుగంట పట్టింది! మిగతా వాళ్లు ముందే పాస్‌వర్డ్ రాసి పెట్టుకోండి.

డీడీయూ పని పూర్తయింది. మామూలుగా ఆన్ చేస్తే డివైస్ మేనేజర్‌లో మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని వచ్చింది, త్రికోణం లేదు. బొమ్మ మాత్రం 1024 బై 768, పెళ్లికూతురు ముఖం అడ్డంగా సాగిపోయింది. సరే, ఇప్పుడు శుభ్రంగా ఉందిలే అని కొత్త డ్రైవర్ మొదలుపెట్టాను. మళ్లీ అదే చోట మిణుకు, చీకటి. ఈసారి నెట్ కూడా లేదు, పాత డ్రైవర్ కూడా లేదు. మరి దేంతో తన్నుకుంటున్నట్టు?


ధూళిపటలం | సోమవారం, ఉదయం 10:02

ర్యామ్ తీసి, బంగారు రంగు పిన్నులు పెన్సిల్ రబ్బరుతో తుడిచి పెట్టండి సార్. కార్డు పిన్నులు కూడా. మా షాపుకి వచ్చే సిస్టమ్స్‌లో సగం దానికే లేచి కూర్చుంటాయి.


ఆల్బమ్ బాబాయ్ | సోమవారం, ఉదయం 11:48

తుడిచాను. స్లాట్‌లో దుమ్ము కూడా బ్రష్‌తో తీశాను. తేడా లేదు. ఫ్యాన్ చప్పుడు మాత్రం తగ్గింది, అదొక లాభం.


డల్లాస్ డెస్క్‌టాప్ | సోమవారం, మధ్యాహ్నం 12:15

బాబాయ్ గారూ, స్క్రీన్ నల్లబడి తిరిగి వచ్చేదాన్ని టీడీఆర్ అంటారు. విస్టా కాలం నుంచి విండోస్‌లో ఉంది. కార్డుకి ఒక పని ఇచ్చాక 2 సెకన్లలో జవాబు రాకపోతే, కార్డు బిగుసుకుపోయిందని విండోస్ లెక్కేసుకుని డ్రైవర్‌ని ఆపి మళ్లీ మొదలుపెడుతుంది. ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి 4101 నంబరుతో ఎంట్రీలు ఉన్నాయేమో చూడండి. రిజిస్ట్రీలో టీడీఆర్‌డిలే విలువ 2 నుంచి 8కి పెంచితే కొందరికి ఆగుతుంది.

ఇంకొకటి, స్క్రీన్ ఆరిపోయినప్పుడు వెంటనే పవర్ బటన్ జోలికి వెళ్లకండి. విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. బీప్ అని వినిపించి డ్రైవర్ రీసెట్ అవుతుంది. తెరిచిన ఫైళ్లు పోవు.


సోల్డర్ మాస్టారు | సోమవారం, మధ్యాహ్నం 12:40

ఆ రిజిస్ట్రీ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. జ్వరం ఉంటే థర్మామీటర్ మీద గీతలు మార్చినట్టు ఉంటుంది. త్రీడీ రెండరింగ్ లాంటి నిజంగా బరువైన పని చేసేవాళ్లకి అది పనికొస్తుంది. ఈయనకి డ్రైవరే ఎక్కడం లేదు కదా.

ముందు ఎస్ఎంపీఎస్, అంటే పవర్ సప్లై బాక్స్, ఏదో చెప్పండి. కార్డుకి విడిగా పవర్ పిన్ ఉందా?


ఆల్బమ్ బాబాయ్ | సోమవారం, మధ్యాహ్నం 1:30

4101 ఎంట్రీలు బోలెడు ఉన్నాయి, ఫోటోషాప్ వాడిన రోజుల్లో.

ఎస్ఎంపీఎస్ లోకల్‌ది, 450 వాట్స్ అని రాసి ఉంది. కార్డుకి 6 పిన్నుల పవర్ సాకెట్ ఉంది. దానికి కన్వర్టర్ వైరు కూడా ఆయనే ఇచ్చాడు.


సగం నాలెడ్జ్ | సోమవారం, మధ్యాహ్నం 1:55

మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. నాది జీటీ 730, 2 జీబీ. నాకు డ్రైవర్ అసలు ఇన్‌స్టాలే కాదు, సరిపోయే హార్డ్‌వేర్ దొరకలేదు అంటుంది. మా ఫ్రెండ్‌దీ జీటీ 730నే, వాడికి అదే ఫైల్ ఎక్కింది. ఇదేం న్యాయం?


ఖమ్మం గేమర్ | సోమవారం, మధ్యాహ్నం 2:03

బ్రో వేరే టాపిక్ పెట్టుకో. ఇక్కడ ఆయన ఇల్లు కాలుతోంది.


పెంగ్విన్ అక్క | సోమవారం, సాయంత్రం 6:30

తప్పు డ్రైవర్‌దా కార్డుదా అనేది ముందు తేల్చుకుంటే సగం వెతుకులాట తగ్గుతుంది. దానికి విండోస్‌ని పక్కన పెట్టి చూడాలి. ఒక పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు వేసుకోండి. ఇన్‌స్టాల్ చేయొద్దు, ‘ట్రై’ అనే దాంట్లోనే ఉండండి, మీ ఎస్ఎస్‌డీని అది ముట్టుకోదు. అందులో నువో అని వేరే డ్రైవర్ ఉంటుంది, ఎన్‌విడియా వాళ్లది కాదు, బయటివాళ్లు రాసింది. టెర్మినల్‌లో డీమెసేజ్ కమాండ్ కొట్టి నువో ఉన్న లైన్లు చూడండి. కమాండ్ స్పెల్లింగ్ మీకు మెసేజ్‌లో పంపాను.


ఆల్బమ్ బాబాయ్ | సోమవారం, రాత్రి 9:45

అక్కా, మీరు చెప్పినట్టే చేశాను. లైనక్స్‌లో స్క్రీన్ నిక్షేపంగా వచ్చింది, పూర్తి రిజల్యూషన్‌తో! కార్డు బాగున్నట్టే కదా? నువో లైనులో ఎన్‌విడియా జీఎఫ్106 అని ఉంది, పక్కన ఏవో అంకెలు. ఫోటో తీసి పంపాను.


పెంగ్విన్ అక్క | సోమవారం, రాత్రి 9:58

జీఎఫ్106? ఫోటో చూశాను, నిజంగానే అలా ఉంది. 1050 టీఐ అయితే అక్కడ చిప్ పేరు జీపీ107 అని రావాలి. నువో పేరు చూసి నమ్మదు, చిప్ లోపలి రిజిస్టర్‌ని చదివి చెబుతుంది. మాస్టారు గారూ, ఒకసారి ఇటు చూడండి.


సోల్డర్ మాస్టారు | సోమవారం, రాత్రి 10:20

నాకు మధ్యాహ్నం 6 పిన్నుల సాకెట్ అన్నప్పుడే అనుమానం తగిలింది. 1050 టీఐ 75 వాట్ల కార్డు, స్లాట్ ఇచ్చే కరెంటే దానికి చాలు. కొన్ని మోడల్స్‌కి సాకెట్ పెట్టారు కాబట్టి నోరు మూసుకున్నాను. బాబాయ్ గారూ, మూడు ప్రశ్నలు. కార్డు వెనక ఏమేం పోర్టులు ఉన్నాయి? డీవీఐ ఉంటే, అందులో అడ్డగీత చుట్టూ నాలుగు రంధ్రాలు ఉన్నాయా? అమ్మినాయన డ్రైవర్ గురించి ఏమన్నా చెప్పాడా?


ఆల్బమ్ బాబాయ్ | సోమవారం, రాత్రి 10:41

వీజీఏ, డీవీఐ, హెచ్‌డీఎంఐ మూడూ ఉన్నాయి. నా మానిటర్‌కి వీజీఏనే కదా, అది ఉందనే ఈ కార్డు తీసుకున్నాను. వేరే చోట చూసిన 1050 టీఐలకి వీజీఏ లేదు. ఇది దొరకడం అదృష్టం అనుకున్నాను.

టార్చి వేసి చూశాను. డీవీఐలో అడ్డగీతకి పైన రెండు, కింద రెండు రంధ్రాలు ఉన్నాయి.

డ్రైవర్ ఒక పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు. ‘ఇదే వాడండి, నెట్ నుంచి వేరేది వేయొద్దు, అప్‌డేట్ ఆఫ్‌లో పెట్టుకోండి’ అన్నాడు. మంచికే చెప్పాడనుకున్నాను.


సోల్డర్ మాస్టారు | సోమవారం, రాత్రి 10:50

మంచికే చెప్పాడు, ఆయన మంచికి. జీపీయూ-జెడ్ అనే చిన్న టూల్ ఉంది, డ్రైవర్ లేకపోయినా నడుస్తుంది. 2018 తర్వాతి వెర్షన్ ఏదైనా సరే. దించి తెరిచి, మొదటి పేజీలో నేమ్, జీపీయూ, షేడర్స్ (చిప్‌లో లెక్కలు చేసే చిన్న యూనిట్ల సంఖ్య), మెమరీ సైజ్ ఏమున్నాయో రాయండి.


ఆల్బమ్ బాబాయ్ | సోమవారం, రాత్రి 11:14

నేమ్ దగ్గర ముందు బ్రాకెట్‌లో ‘ఫేక్’ అని, తర్వాత జీటీఎక్స్ 1050 టీఐ అని ఉంది. కంపెనీ గుర్తు ఉండాల్సిన చోట హెచ్చరిక త్రికోణం. జీపీయూ జీఎఫ్106. షేడర్స్ 192. మెమరీ 1024 ఎంబీ.

4 జీబీ కదా అది? ఫేక్ అంటే ఏంటి మాస్టారూ, బొమ్మ వస్తోందిగా?


సోల్డర్ మాస్టారు | సోమవారం, రాత్రి 11:40

బొమ్మ వస్తుంది. కార్డు పనిచేసేదే, కాకపోతే అది 1050 టీఐ కాదు. లోపలున్నది జీటీఎస్ 450 తరం చిప్, 2010 నాటిది. ఎన్‌విడియాలో ఫెర్మీ అనే తరం. అసలు 1050 టీఐ 2016లో వచ్చింది, పాస్కల్ తరం, 768 షేడర్లు, 4 జీబీ మెమరీ. మీ దాంట్లో 192, 1 జీబీ. పైన పటారం, లోన లొటారం.

ఎలా చేస్తారంటే, కార్డు మీద ఒక చిన్న బయాస్ చిప్ ఉంటుంది. ‘నేను ఫలానా కార్డుని, నా దగ్గర ఇంత మెమరీ ఉంది’ అని కంప్యూటర్‌కి చెప్పేది అదే. దాన్ని తిరగరాసి అబద్ధం చెప్పిస్తారు. పైన కొత్త ఫ్యాన్ కవర్, కొత్త స్టిక్కర్. పెన్‌డ్రైవ్‌లో ఇచ్చింది ఆ అబద్ధానికి తగ్గట్టు మార్చిన పాత డ్రైవర్. అందుకే దాంతో బొమ్మ వచ్చింది. మీరు అసలు డ్రైవర్ వేసేసరికి, అది పేరు నమ్మి లోపల పాస్కల్ చిప్ ఉందనుకుని మాట్లాడబోయింది. అక్కడున్నవాడికి ఆ భాషే రాదు. ఇన్‌స్టాల్ సగంలో స్క్రీన్ ఆరడం, తర్వాత కోడ్ 43, రెండూ దానివల్లే. డీడీయూతో ఎన్నిసార్లు తుడిచినా ఉపయోగం ఉండదు, చెత్త విండోస్‌లో లేదు కదా.

పీఎస్‌డీలు తెరిస్తే ఎందుకు నల్లబడిందో కూడా ఇప్పుడు అర్థమవుతుంది. 4 జీబీ ఉందనుకుని అందులో సర్దబోతే 1 జీబీ దాటాక చోటే లేదు.

ఇక మీరు అదృష్టం అనుకున్న ఆ వీజీఏ. పాస్కల్ చిప్‌లలో అనలాగ్ అవుట్‌పుట్, అంటే వీజీఏకి కావలసిన సిగ్నల్, తీసేశారు. అందుకే మామూలు 1050 టీఐలకి వీజీఏ ఉండదు, డీవీఐకి ఆ నాలుగు రంధ్రాలూ ఉండవు. అవి అనలాగ్ సిగ్నల్‌కి పెట్టినవి. మీకు నచ్చిన పోర్టే దాన్ని పట్టించింది.


ఖమ్మం గేమర్ | సోమవారం, రాత్రి 11:52

అయ్యో అన్నా. రాత్రంతా డీడీయూ అని తిప్పింది నేనే. నాకు పోర్టులు అడగాలని తట్టనే లేదు, ఏమీ అనుకోకు.


ఆల్బమ్ బాబాయ్ | మంగళవారం, ఉదయం 7:15

నువ్వేం చేస్తావు తమ్ముడూ. డీడీయూ చేయబట్టే తప్పు డ్రైవర్‌ది కాదని తేలింది. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. 4,500 అంటే ఒక ఆల్బమ్ డిజైన్ డబ్బులు.


ఫార్మాట్ వీరుడు | మంగళవారం, ఉదయం 8:40

ఎన్‌విఫ్లాష్‌తో జీటీఎస్ 450 ఒరిజినల్ బయాస్ ఎక్కించెయ్ బ్రో, అసలు కార్డుగా మారిపోతుంది. యూట్యూబ్‌లో ఉన్నాయి.


సోల్డర్ మాస్టారు | మంగళవారం, ఉదయం 9:05

మారుతుంది, అబద్ధమేం కాదు. కానీ సరిగ్గా ఆ బోర్డుకి, ఆ మెమరీ చిప్‌లకి సరిపోయే బయాస్ దొరకాలి. స్టిక్కరే దొంగదైనప్పుడు ఏది సరిపోతుందో ఎవరు చెబుతారు? తప్పు ఫైల్ ఎక్కిస్తే ఉన్న బొమ్మ కూడా పోతుంది. సరదాగా నేర్చుకోవాలనుకుంటే, ముందు జీపీయూ-జెడ్‌లో బయాస్ వెర్షన్ పక్కనున్న బాణం గుర్తు నొక్కి ఇప్పటి బయాస్ కాపీ దాచుకుని మొదలుపెట్టండి. సీజన్‌లో మాత్రం వద్దు. పైగా అంత కష్టపడితే మిగిలేది 1 జీబీ కార్డు, డ్రైవర్ 2018 మార్చిలో వచ్చిన 391.35 దగ్గరే ఆగిపోయింది, తాగే కరెంటు మాత్రం వంద వాట్ల పైమాట.

ఇంకో సంగతి. బయాస్ మారిస్తే అమ్మినాయన ‘మీరే పాడుచేశారు’ అంటాడు. కార్డుని ఇప్పుడున్నట్టే ఉంచి, జీపీయూ-జెడ్ స్క్రీన్ ఫోటో తీసుకుని వెళ్లండి.

పని ఆగకుండా ఇవాళే ఇలా చేయండి. కార్డు తీసేయండి. మానిటర్ వైరు బోర్డు వెనక వీజీఏకి పెట్టండి. కార్డు స్లాట్‌లో ఉండగా బోర్డు పోర్టుకి పెడితే చాలా బోర్డుల్లో బొమ్మ రాదు, కంగారు పడొద్దు. మళ్లీ డీడీయూతో ఎన్‌విడియా మొత్తం తీసేసి, మీ ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్‌కి ఇంటెల్ హెచ్‌డీ 4600 డ్రైవర్ వేసుకోండి. ఖర్చు పెట్టాలనుంటే కార్డు మీద కాదు, ర్యామ్ మీద పెట్టండి. హెచ్81లో స్లాట్లు రెండే, 16 జీబీ వరకు తీసుకుంటుంది. ఆల్బమ్ పనికి తేడా అక్కడే తెలుస్తుంది.


డల్లాస్ డెస్క్‌టాప్ | మంగళవారం, మధ్యాహ్నం 12:30

వీడియో సంగతి కూడా చెబుతాను. మీ ఐ5లో క్విక్ సింక్ ఉంది, వీడియోని తొందరగా ఎన్‌కోడ్ చేసే ఏర్పాటు అది. మీ ఎడిటర్ దాన్ని వాడుకోగలిగితే ఎక్స్‌పోర్ట్‌లో హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ అనే ఆప్షన్ కనిపిస్తుంది, అది పెట్టి చూడండి. తర్వాత ఎప్పుడైనా అసలు కార్డు కొంటే, మీ మానిటర్‌కి హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే చిన్న కన్వర్టర్ తీసుకోండి. వీజీఏ కోసం కార్డు వెతకొద్దు.


సోల్డర్ మాస్టారు | మంగళవారం, మధ్యాహ్నం 12:44

అసలు 1050 టీఐ దొరికినా ఇక తీసుకోకండి. ఆ తరానికి 580 సిరీస్ డ్రైవర్లే చివరివి. ఏ కార్డైనా డబ్బులు ఇచ్చే ముందు అమ్మేవాళ్ల సిస్టమ్‌లోనే పెట్టించి జీపీయూ-జెడ్ తెరిపించండి. పెన్‌డ్రైవ్‌లో మీరే తీసుకెళ్లండి. ‘అదేం అక్కర్లేదు సార్’ అంటే బయటికి వచ్చేయండి.


ఆల్బమ్ బాబాయ్ | గురువారం, రాత్రి 8:30

మూడు రోజులుగా కనిపించనందుకు ఏమీ అనుకోకండి, రెండు ఆల్బమ్‌లు ప్రింటుకి పంపాను. కార్డు తీసేశాక ఒక్కసారి కూడా స్క్రీన్ ఆరలేదు.

నిన్న ఆయన దగ్గరికి వెళ్లాను. ముందు ‘మీ విండోస్ ప్రాబ్లం’ అన్నాడు. ఫోటో చూపించాను. ‘ఆ టూల్ తప్పు చూపిస్తుంది’ అన్నాడు. లైనక్స్ ఫోటో కూడా చూపించి, రెండు టూల్స్‌ కూడబలుక్కుని ఒకే తప్పు చూపిస్తాయా అని అడిగాను. కాసేపు ఫోన్లో ఎవరితోనో మాట్లాడాడు. తనకీ ఎవరో అంటగట్టారట. నిజమో కాదో మనకెందుకు. 3,500 చేతిలో పెట్టాడు, మిగతా వెయ్యికి 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ ఒకటి ఇస్తానన్నాడు. ర్యామ్ అక్కడే పెట్టించి, ఆన్ చేయించి, 12 జీబీ చూపిస్తోందని చూసుకున్నాకే లేచాను.

అక్కా, మాస్టారూ, తమ్ముళ్లూ, అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. కాకినాడలో మా బంధువుల అబ్బాయి కూడా 1050 టీఐ కొన్నాడట. వాడి కార్డుకీ వీజీఏ ఉందట. ఆదివారం వెళ్తున్నాను, జీపీయూ-జెడ్ పట్టుకుని.


సగం నాలెడ్జ్ | గురువారం, రాత్రి 8:52

అంకుల్ పని అయిపోయింది కాబట్టి నన్ను కూడా ఒకసారి చూడండి. నాదీ ఫేకేనా?


సోల్డర్ మాస్టారు | గురువారం, రాత్రి 9:10

జీపీయూ-జెడ్‌లో షేడర్స్ ఎంత?


సగం నాలెడ్జ్ | గురువారం, రాత్రి 9:16

96. జీఎఫ్108 అని ఉంది. ఫేక్ అని మాత్రం లేదు.


సోల్డర్ మాస్టారు | గురువారం, రాత్రి 9:25

నీది అసలుదే బాబూ, భయపడకు. జీటీ 730 అనే ఒకే పేరుతో రెండు రకాల చిప్‌లు అమ్మారు. 96 షేడర్లది ఫెర్మీ, 384 షేడర్లది కెప్లర్. మీ ఫ్రెండ్‌ది 384 అయి ఉంటుంది, అడిగి చూడు. వాడికి 470 సిరీస్ డ్రైవర్లు ఎక్కుతాయి, నీకు 391.35 దాటి ఏదీ ఎక్కదు. సైట్‌లో పాత డ్రైవర్ల పేజీలో ఆ నంబరు వెతికి, నెట్ తీసేసి వేసుకో.


సగం నాలెడ్జ్ | గురువారం, రాత్రి 10:03

ఎక్కింది!! 1920 బై 1080 వచ్చింది. ఫ్రెండ్‌ది 384నే.